ఆ దూది పొట్ట కుట్టింది నేనే: కడప కళా సమితులకి ఒక టైలరు బహిరంగ లేఖ

కడప జిల్లాలో నాటకాలు వేయించే కళా సమితుల పెద్దలకి, పరిషత్తు పోటీలు పెట్టే సార్లకి, కాలేజీల్లో కల్చరల్ ప్రోగ్రాంలు చూసుకునే లెక్చరర్లకి, సినిమా హాళ్ళు నడిపే అన్నలకి నమస్కారం.

నేను కడపలో టైలర్‌ని. పద్దెనిమిదేండ్లుగా ఇదే పని. జాకెట్లు, డ్రెస్సులు, పెండ్లికూతుర్ల లంగావోణీలు, వాటితో పాటు నాటకాలోళ్ళకి రాజుల అంగీలు, ద్రౌపది జాకెట్లు, స్కూలు వార్షికోత్సవాలకి చిన్నపిల్లల వేషాలు, అన్నీ కుడతా. మీలో కొంతమంది నా షాపుకి వచ్చినోళ్ళే, నన్ను అక్కా అని పిలిచేవాళ్ళే. నేను లావుగా ఉంటా. చిన్నప్పటి నుంచి అంతే. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే ఈ లేఖ అంతా దాని గురించే.

పోయిన డిసెంబరులో ఒక నాటకాల టీం నుంచి ముగ్గురు అబ్బాయిలు వచ్చినారు. కామెడీ నాటిక అంట, మొగుడు సన్నగా ఉంటాడు, పెళ్ళాం లావుగా ఉంటుంది, ఆ పెళ్ళాం వేషం వేసేది ఒక బక్క అబ్బాయి. "అక్కా, పొట్ట, నడుము, ఎద అన్నీ వచ్చేటట్ల లోపల దూది పెట్టి ఒకటి కుట్టియ్యి, స్టేజి ఎక్కుతానే జనం నవ్వాల" అన్నాడు. కుట్టినా. లైనింగ్ గుడ్డ రెండు పొరలు కత్తిరించి, మధ్యలో స్పాంజి షీటు పెట్టి, పొట్ట కాడ దూది కూరి, అది కిందికి జారకుండా పరుపుకి వేసినట్ల అడ్డం నిలువు కుట్లు వేసి, వెనక నాడాలు పెట్టి ఇచ్చినా. రెండు రోజుల పని, 1800 రూపాయలు తీసుకున్నా. ట్రయల్‌కి వచ్చినప్పుడు ఆ అబ్బాయి దాన్ని తొడుక్కొని పైన నైటీ వేసుకొని అద్దం ముందు నిలబడినాడు, మిగతా ఇద్దరు నవ్వుడే నవ్వుడు. అప్పుడు ఆ అబ్బాయి నన్ను చూసి, చెడ్డ బుద్ధితో కాదు, వేషం బాగా రావాలనే, "అక్కా, నువ్వు ఒకసారి ఆ గోడ కాడి నుంచి ఈ గోడ కాడికి నడిచి చూపియ్యవా, నడక పట్టుకుంటా" అన్నాడు.

నడిచినా. ఏమనాలో తోచక నడిచినా. వచ్చి మిషను ముందు కూర్చుంటే సూదికి దారం ఎక్కలేదు, శానాసేపు.

నాటిక అయిపోయినాక ఆ డ్రెస్సు నా దగ్గరికే వాపసు వచ్చింది, ఏదో చినిగిందని, సరిచేసి పెట్టు మళ్ళీ వాడతాం అని. లోపలంతా చెమట మరకలు. కుట్లు విప్పి తడిసిన దూది పీకతా ఉంటే నాకు కడుపులో దేవినట్టయింది. ఆ అబ్బాయికి అది నాడా లాగితే ఊడిపోయేది, నాకు అది నా ఒళ్ళు. ఇంగోటి చెప్పాల, అదే టీంలో ఒక అమ్మాయి ఉంది, నా దగ్గరే కుట్టించుకుంటుంది, నా మాదిరే లావుగా ఉంటుంది, గొంతు గుడిగంట మాదిరి మోగుతుంది, పద్యం ఎత్తుకుంటే సందులో పోయేవాళ్ళు నిలబడి వింటారు. ఆ అమ్మాయి ఆ రోజు స్టేజి వెనక చీకట్లో కూర్చొని, యాక్టర్లకి డైలాగులు అందించే ప్రాంప్టింగ్ చెప్పింది. లావు మనిషి వేషానికి కూడా లావు మనిషి పనికిరాలేదు.

ఆ డ్రెస్సు నేను మళ్ళీ కుట్టి ఇయ్యలేదు. డబ్బులు తిరిగి ఇచ్చేసినా. ఇప్పుడు ఈ లేఖ రాస్తున్నా.

నేను అడిగేది ఒక్కటే. కడపలో ఒక మూడు సాయంత్రాలు, లావుగా ఉన్నోళ్ళని నవ్వులాటకి కాకుండా మనుషులుగా చూపించే సినిమాలు, నాటకాలు పెట్టండి. వేసేవాళ్ళలో మేముండాల, చూసేవాళ్ళలో కూడా మేముండాల, హాయిగా కూర్చొని. మా పాప డిగ్రీ చదువుతోంది, దీన్ని ఫ్యాట్ పాజిటివ్ అంటారమ్మా, పెద్ద ఊర్లల్లో, వేరే దేశాల్లో ఇట్లాంటివి చేస్తారు అని చెప్పింది. పేరు ఏదైనా పర్వాలేదు. నాకైతే ఇది మనకి కొత్త అనిపించలేదు, మనం మర్చిపోయిన పద్ధతి అనిపించింది, ఎందుకంటే చెప్తా.

మా జేజి నన్ను చిన్నప్పుడు తిరునాళ్ళలో హరిశ్చంద్ర నాటకానికి తీసుకొని పోయేది. రాత్రి పదింటికి మొదలైతే తెల్లారేదాకా. మా పక్క పల్లెల్లో పద్యనాటకం చూసిన వాళ్ళు ఎవరైనా చెప్పండి, హరిశ్చంద్రుడు ఎట్లుంటాడు? యాభై ఏండ్ల మనిషి, పట్టు పంచె మీద పొట్ట బానలాగ కనపడతా ఉంటుంది, కాటి సీన్‌లో కర్ర భుజాన పెట్టుకొని నిలబడి హార్మోనియం శ్రుతి మీద ఒక రాగం తీస్తే, జనం మధ్యలో నుంచి "వన్స్ మోర్" అని కేకలు, నోట్లు తెచ్చి చొక్కాకి పిన్నీసుతో గుచ్చడం. చంద్రమతి కూడా అంతే, దిట్టంగా ఉండే ఆర్టిస్టు, లోహితుడు చచ్చిపోయినప్పుడు ఆమె ఏడ్చి పద్యం పాడితే మా జేజి కొంగుతో ముక్కు తుడుచుకునేది. ఆ పొట్ట గురించి, ఆ నడుము గురించి ఒక్కరు మాట్లాడింది నేను వినలేదు. గొంతు ఎట్లుంది, రాగం ఎంతసేపు నిలబెట్టినాడు, పద్యంలో మాట స్పష్టంగా పలికినాడా, ఇదే లెక్క. తిండికి ఇబ్బంది పడిన కరువు సీమలో లావు అంటే తప్పు కాదు, నగుబాటు కాదు. "రోంత ఒళ్ళు చేసినావు, బాగుండావు" అని మెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు అదే మాట "ఏమే ఒళ్ళు చేసినావే" అని తిట్టుగా మారింది.

ఇంగ మన సురభి నాటక సమాజం. నాటకాలోళ్ళకి నేను చెప్పేంత దాన్ని కాదు, కానీ చెప్పకుండా ఉండలేను. 1885లో మన కడప జిల్లా సురభి ఊర్లో వనారస గోవిందరావు గారి వాళ్ళు మొదలుపెట్టిన మొట్టమొదటి నాటకం కీచక వధ. అందులో కథ ఏంది? ద్రౌపది మాలిని పేరుతో సైరంధ్రిగా, అంటే రాణికి సింగారం చేసే దాసిగా, పని చేస్తా ఉంటే కీచకుడు వెంటపడతాడు, సభలో అందరి ముందు అవమానం జరుగుతుంది, ధర్మరాజు ఓపిక పట్టమంటాడు. అప్పుడు రాత్రిపూట ఆమె ఎవరి దగ్గరికి పోయింది? వంటింట్లో వలలుడి పేరుతో గరిటె పట్టుకొని ఉన్న భీముడి దగ్గరికి. వృకోదరుడు, అంటే తోడేలు పొట్ట ఉన్నోడు, అని పేరున్నోడి దగ్గరికి. కొండంత ఒళ్ళు, బండెడు అన్నం తినేవాడు, ఆ ఐదుగురిలో ఆమె బాధ విని వెంటనే లేచింది ఆయనే. మన జిల్లాలో స్టేజీ నాటకం పుట్టింది ఆ మనిషి కథతో. ఆ జిల్లాలో ఈరోజు లావుగా ఉన్న పిల్ల స్టేజి ఎక్కితే ఆంటీ వేషం, దున్నపోతు వేషం, మొగుడ్ని నేలకేసి కొట్టే పెళ్ళాం వేషం, ఇవి తప్ప లేవు.

పక్కనే తాడిపత్రి. పెద్ద నాటక నటుడు బళ్ళారి రాఘవ గారు అక్కడే పుట్టినారు, 1880లో. ఆయన కాలంలో ఆడవేషాలు మగవాళ్ళే వేసేవాళ్ళు, ఆడవాళ్ళ పాత్రలు ఆడవాళ్ళే వెయ్యాల అని ఆయన పట్టుబట్టి చదువుకున్న ఆడవాళ్ళని స్టేజి మీదికి తెచ్చినారు, దానికి ఎన్ని మాటలు పడినారో నాటకం తెలిసిన సార్లకి నాకంటే బాగా తెలుసు. నేను అడిగేది కూడా అదే రకం సంగతి. మీసాలు గీక్కొని చీర కట్టుకుంటే ఆడమనిషి అయిపోరు అని ఆ రోజుల్లో ఒప్పుకున్నాం కదా, దూది కట్టుకుంటే లావు మనిషి అయిపోరు అని ఈరోజు ఒప్పుకోడానికి ఏం కష్టం?

సినిమాలు కూడా అంతే. మాయాబజార్ 1957లో వచ్చింది, తీసినోళ్ళు విజయా వాళ్ళు, నాగిరెడ్డి గారిది మన కడప జిల్లానే, డైరెక్టర్ కె.వి.రెడ్డి గారిది తాడిపత్రి. అందులో ఎస్.వి.రంగారావు గారి ఘటోత్కచుడిని చూడండి. వివాహ భోజనంబు అని ఆ తిండి ముందు కూర్చొని తింటా ఉంటే మనకి నోరూరుతుంది, ఆయన సంతోషం మనకి అంటుకుంటుంది. అంత ఒళ్ళున్న మనిషి తింటా ఉంటే అసహ్యపడాల అని ఆ సినిమా ఎక్కడా చెప్పదు. అదే మనిషి అమ్మ ముందు చేతులు కట్టుకొని నిలబడతాడు, తమ్ముడి పెళ్ళి కోసం ఎంత పని చేస్తాడు. ఇంగ సావిత్రమ్మ మాయా శశిరేఖగా ఘటోత్కచుడి నడక నడిచి చూపించింది, ఆ నడకలో వెక్కిరింత లేదు, రాజసం ఉంది. నేను ఆ రోజు షాపులో గోడ నుంచి గోడకి నడిచినప్పుడు ఆ అబ్బాయి ఆ తేడా చూసి ఉంటే బాగుండేది.

1963లో నర్తనశాల వచ్చింది, అదీ కీచకుడి కథే. అందులో కీచకుడు రంగారావు గారు. భీముడిగా వేసింది దండమూడి రాజగోపాలరావు గారు, ఆయన నిజంగా వెయిట్ లిఫ్టర్. పెద్ద ఒళ్ళున్న పాత్రకి పెద్ద ఒళ్ళున్న మనిషినే వెతికి తెచ్చినారు. 1962లో గుండమ్మ కథ, ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి పేరు సూర్యకాంతమ్మ గారి పాత్రది పెట్టినారు. ఆమె గయ్యాళి పాత్రే, అది నిజం, ఆ గయ్యాళితనం ఆమెకి ఎంత అతుక్కుపోయిందంటే సూర్యకాంతం అని ఆడపిల్లకి పేరు పెట్టడానికే జనం వెనకాడినారని చెప్పుకుంటారు. ఆమెకి వేరే పాత్రలు ఇంకా ఇచ్చి ఉంటే బాగుండేది అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కానీ ఆమె ఆ పాత్రలో నవ్వులాటకి పెట్టిన బొమ్మ కాదు, ఇల్లంతా ఆమె చుట్టూ తిరుగుతుంది, చివరికి మనకి ఆమె మీద జాలి కలుగుతుంది.

మరి ఇప్పుడు? 2014లో లడ్డు బాబు అని వచ్చింది, సన్నగా ఉండే హీరోకి లావు తొడుగు వేసి తీసినారు. 2015లో సైజ్ జీరో, అందులో బరువు తగ్గిస్తామని మోసం చేసే క్లినిక్కుల సంగతి ఉంది, దానికి నేను దండం పెడతా, మా పిన్ని కూతురు అట్లాంటి పౌడర్లకి ఎన్ని వేలు పోసిందో నాకు తెలుసు. అనుష్క గారు ఆ పాత్ర కోసం నిజంగానే బరువు పెరిగినారు, కష్టపడినారు. అయినా నాకు ఒక మాట, ఇంత పెద్ద ఇండస్ట్రీలో ఆ పాత్రకి ముందే లావుగా ఉన్న ఒక్క అమ్మాయి దొరకలేదా? అమెరికాలో కూడా ఇదే గొడవ నడిచిందని మా పాప చెప్పింది, 2022లో ది వేల్ అనే సినిమాలో బ్రెండన్ ఫ్రేజర్‌కి లావు తొడుగు వేసినారు, దానికి ఆయనకి ఆస్కార్, మేకప్‌కి ఇంకో ఆస్కార్ వచ్చినాయి, లావుగా ఉన్నోళ్ళు శానామంది అక్కడ బాధపడినారు. నా 1800 రూపాయల పని అక్కడ కోట్లల్లో జరిగింది, అంతే తేడా.

బాగా తీసినవీ ఉన్నాయి. హిందీలో 2015లో దమ్ లగా కే హైషా, హరిద్వార్‌లో జరిగే కథ, భూమి పెడ్నేకర్‌కి అదే మొదటి సినిమా. ఆ అమ్మాయి సంధ్య బీఎడ్ చదివింది, టీచర్ కావాలనుకుంటుంది, మొగుడు ఫ్రెండ్స్ ముందు ఆమె ఒంటి గురించి నీచంగా మాట్లాడితే అక్కడికక్కడే చెంప పగలగొడుతుంది. సినిమా అయిపోయేలోపు ఆమె సన్నబడదు. మారాల్సింది మొగుడు, మారతాడు. మా పాప, నేను ఆ సినిమా ఫోన్‌లో రెండుసార్లు చూసినాం. మలయాళంలో 2012లోనే ద తడియా అని లావుగా ఉన్న అబ్బాయే హీరోగా, నిజంగా లావుగా ఉన్న శేఖర్ మీనన్‌తో తీసినారు. ఇవి మన హాల్లో తెలుగు సబ్‌టైటిల్స్‌తో వేస్తే చూసేవాళ్ళు లేరంటారా?

వేరే దేశాల సంగతి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మనూరికి ఆ ఊర్లు గుర్తుండవు. రెండు మాటలు మాత్రం. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 1967లోనే దాదాపు 500 మంది లావుగా ఉన్నోళ్ళు, వాళ్ళ తరఫున ఉన్నోళ్ళు కలిసి కూర్చొని మా ఒళ్ళు మాది అని చెప్పినారంట, ఆ ఊర్లోనే 2023లో ఉద్యోగం ఇచ్చేటప్పుడు, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు బరువు చూసి, ఎత్తు చూసి తేడా చూపించకూడదని చట్టం చేసినారు. ఆస్ట్రేలియాలో 2015 సిడ్నీ ఫెస్టివల్‌లో ఫోర్స్ మెజూర్ అనే డాన్స్ కంపెనీ లావుగా ఉన్న డాన్సర్లతోనే ఒక పూర్తి ప్రదర్శన పెట్టింది. అది విని నేను అనుకున్నా, మన దగ్గర కోలాటం వేసే ఆడవాళ్ళలో సగం మంది నా సైజే, మనకెందుకు చేతకాదు.

ఇప్పుడు మా పాప సంగతి చెప్తా, ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినా, రాయమ్మా అని ఆ పిల్లే అన్నది. ఇంటర్‌లో ఉన్నప్పుడు కాలేజీ డే స్కిట్‌లో దానికి పార్టు ఇచ్చినారు. ఎంత సంతోషంగా వచ్చి చెప్పిందో. ఏం పార్టు అంటే చెప్పలేదు. ఆ రోజు నేను పోయినా, ముందు వరసలో కూర్చున్నా. స్కిట్‌లో ఒక అబ్బాయి బస్సెక్కుతాడు, సీటు కోసం చూస్తాడు, నా బిడ్డ వచ్చి కూర్చుంటుంది, మిగతా పిల్లలంతా ఎగిరి కింద పడినట్ల యాక్ట్ చేస్తారు. అంతే దాని పార్టు. ఒక్క డైలాగు లేదు. హాలంతా ఈలలు. పిల్లల్ని ఏమంటాం, పక్కన కూర్చున్న పెద్దోళ్ళు కూడా నవ్వినారు, నేను పక్కన ఉన్నది చూసి ఆపుకున్నారు. ఇంటికొచ్చి ఆ పిల్ల ఆ రాత్రి సంగటి ముద్ద ముట్టలేదు, తర్వాత నెలంతా మధ్యాహ్నం క్యారియరు నిండుగా తిరిగి వచ్చేది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు చంద్రమతి పద్యాలు మొత్తం నోటికి నేర్చుకొని ఆ వేషం అడగడానికి పోతే "చంద్రమతి తిండిలేక అడవులు పట్టి పోయింది కదమ్మా, నువ్వు ఎట్ల సరిపోతావు" అన్నారు అప్పట్లో. అది నేను మనసులో పెట్టుకొని ఎవరికీ చెప్పకుండా ఇన్నేండ్లు ఉన్నా. ఇంకో తరం కూడా అట్ల ఉండాలా?

కుర్చీల సంగతి. సినిమా హాళ్ళ అన్నలు ఇది రోంత శ్రద్ధగా చదవండి. నా దగ్గర టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది, ఒకరోజు సినిమాకి పోయినప్పుడు లైట్లు ఆర్పకముందే కుర్చీ చేతుల మధ్య కొలిచినా, 18 అంగుళాలు. నాకు కూర్చుంటే సీటు కొలత అంతకంటే ఎక్కువ. రెండున్నర గంటలు ఆ ఇనుప చెయ్యి తొడలో దిగి ఉంటుంది, ఇంటికి పోయి చూసుకుంటే నల్లగా కమిలి ఉంటుంది, రెండు పక్కలా. ఇంటర్వెల్‌లో లేస్తే మళ్ళీ అందరి మోకాళ్ళు దాటుకొని రావాల అని లేవకుండా అట్లే ఉంటా. కళాక్షేత్రాలు, ఫంక్షన్ హాళ్ళలో తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి, వాటి కాళ్ళు ఎప్పుడు విచ్చుకుంటాయో అని నాటకం చూస్తానా, కుర్చీ చూస్తానా. నా షాపుకి వచ్చే లావు ఆడవాళ్ళలో హాలుకి పోవడం మానేసినోళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. టికెట్ డబ్బులకి మానలేదు, కుర్చీకి మానినారు. ప్రతి వరస చివర చెయ్యి మడిచే రకం కుర్చీలు నాలుగు, లేకపోతే చేతుల్లేని వెడల్పు బెంచీ ఒకటి పెడితే ఏం పోతుంది? టెంట్ హౌస్ వాళ్ళ దగ్గర పెండ్లి భోజనాలకి వేసే చేతుల్లేని ఇనుప మడత కుర్చీలు ఉంటాయి, అవి బరువు ఆపుతాయి, మూడు రోజులకి బాడుగ పెద్ద ఖర్చేం కాదు.

మీరు ఏమంటారో తెలుసు. "లావుని గొప్ప చేస్తే ఎట్ల, షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు రావా" అంటారు. నేను పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటా, డాక్టరు దగ్గరికి పోతా, ఆయన చెప్పింది వింటా. అది నాకు, ఆయనకి మధ్య సంగతి. నాటకం చూడడానికి వచ్చిన నా ముందు మీరు డాక్టర్లు కావద్దు. ఎగతాళి చేస్తే మనిషి సన్నబడడు, దాక్కుంటాడు. 2020లో నేచర్ మెడిసిన్ పత్రికలో చాలా దేశాల డాక్టర్లు, నిపుణులు కలిసి ఇదే రాసినారు, లావుగా ఉన్నోళ్ళని చులకన చెయ్యడం ఒంటికీ మనసుకీ హాని చేస్తుంది, వైద్యం సరిగ్గా అందకుండా చేస్తుంది, ఇది ఆపాల అని. నా కస్టమర్ ఒకామె కడుపునొప్పితో ఎనిమిది నెలలు ఓర్చుకుంది, డాక్టరు దగ్గరికి పోతే ముందు బరువు మిషను ఎక్కిచ్చి తిడతారని. పోయేసరికి గర్భసంచిలో గడ్డ పెద్దదైంది. ఆమె జాకెట్టు కొలతలు తీసేటప్పుడు నాకు పొట్ట గట్టిగా తగిలి, నేనే బలవంతంగా పంపించినా. మేము నవ్వించే బొమ్మలం కాదు అని ఊర్లో పదిమంది ముందు ఒక్కసారి కనపడితే, అట్ల దాక్కునే ఆడవాళ్ళు కొంతమందైనా బయటికి వస్తారని నా ఆశ.

ఇంకొకటి కూడా ముందే చెప్పేస్తా. మేమేదో ఆ నాటికలు నిషేధించమని అడుగుతున్నామని అనుకోవద్దు. 2022 జనవరిలో చింతామణి నాటకం మన రాష్ట్రంలో ఆపేసినారు, సుబ్బిశెట్టి పాత్రతో మా కులాన్ని కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు బాధపడినారు కాబట్టి. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, ఊరంతా తనని చూసి నవ్వుతా ఉంటే ఎట్లుంటుందో నాకు తెలుసు. ఆ నాటకం మీద బతికే ఆర్టిస్టుల కష్టం కూడా తెలుసు, వాళ్ళకి నేనే బట్టలు కుట్టినా. అందుకే నేను ఆపండి అనడం లేదు. కొత్తవి వెయ్యండి అంటున్నా.

ఎప్పుడు, ఎట్ల అంటే నాకు తోచింది చెప్తా. సంక్రాంతి అయిపోయినాక వారంలో పెట్టండి, ఎండాకాలం వద్దు, మన ఎండకి మా లాంటోళ్ళు హాల్లో కూర్చోలేరు. మొదటి సాయంత్రం మాయాబజార్ పెద్ద తెర మీద, హక్కులున్నోళ్ళ దగ్గర పద్ధతిగా పర్మిషన్ తీసుకొని. పిల్లలు, జేజిలు అందరూ వచ్చేది అదే, కాబట్టి అదే ముందు. రెండో సాయంత్రం హిందీ సినిమా, అయిపోయినాక అరగంట మాట్లాడుకోవడం, మైకు అడిగినోళ్ళకి ఇవ్వడం, గెస్టుల స్పీచులు, శాలువాలు వద్దు. మూడో రోజు నాటకం, కీచక వధే వెయ్యండి, పద్యాలతో. సైరంధ్రి లావుగా ఉన్న అమ్మాయి వెయ్యాల. ఎవరు వెయ్యాలో కూడా నాకు తెలుసు, పైన ప్రాంప్టింగ్ చెప్పిన అమ్మాయి గురించి చెప్పినా కదా. కీచకుడు ఆ అమ్మాయిని చూసి మోహించినాడంటే జనం నమ్ముతారా అని మీకు అనుమానం వస్తే, ఆ అనుమానం తీరడానికే ఈ నాటకం వెయ్యాల అంటున్నా. ఆ పిల్ల భీముడి ముందు నిలబడి పద్యం ఎత్తుకున్నాక ఎవరికీ నడుము గుర్తుండదు, మా జేజి కాలంలో గుర్తులేనట్టే.

స్పాన్సర్లుగా బరువు తగ్గించే సెంటర్ల వాళ్ళని, పౌడర్ల వాళ్ళని తీసుకోవద్దు, గేటు కాడ వాళ్ళ పాంప్లెట్లు పంచనియ్యొద్దు. యాంకరింగ్ చేసే పిల్లలకి ముందే చెప్పండి, ఒంటి మీద జోకులు వద్దని, "ఇంత మంది వచ్చినారు, స్టేజి ఆగుతుందా" అనే మాట నేను ఎన్ని మీటింగుల్లో విన్నానో. స్టేజికి మెట్లు ఎత్తుగా ఉంటాయి, పక్కన పట్టుకోడానికి ఒక కొయ్య కట్టించండి. ఆడవాళ్ళు పల్లెలకి తిరిగి పోవాల, కాబట్టి తొమ్మిదికల్లా అయిపోవాల. మగపిల్లలని కూడా పిలవండి, వాళ్ళ బాధ ఎవరూ రాయరు, మా సందులో ఒక అబ్బాయిని చిన్నప్పటి నుంచి బస్తా అనే పిలుస్తారు, వాడి అసలు పేరు నాకే మొన్న తెలిసింది, ఆధార్ కార్డు జిరాక్స్ చూసి.

బట్టల ఖర్చు మీకు లేదు. మూడు రోజులకి కావాల్సిన డ్రెస్సులన్నీ నేనే కుట్టిస్తా, కూలి తీసుకోను, గుడ్డ తెచ్చిస్తే చాలు. నాటకాల డ్రెస్సు కంపెనీల్లో బాడుగకి దొరికేవి అన్నీ ఒకే సైజువి, లావుగా ఉన్న ఆర్టిస్టు వస్తే వెనక హుక్కులు పెట్టకుండా పిన్నీసులు గుచ్చి, పైన ఉత్తరీయం కప్పి స్టేజి మీదికి పంపుతారు, పాపం ఆ మనిషి వెనక్కి తిరగకుండా నాటకమంతా వేస్తాడు. చీరతో వచ్చే జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లే ఉంటుంది, మాకు మీటరు కావాల, ఆ 20 సెంటీమీటర్ల కోసం అంగళ్ళు తిరిగి రంగు కలవక వేరే రంగు వేసుకున్న ఆడవాళ్ళు ఎంతమందో. అట్ల కాకుండా ఒక్కొక్కరికి వాళ్ళ కొలతకే, లోపల రెండు పక్కలా గుడ్డ వదిలి, చెయ్యి పైకెత్తి పద్యం పాడినా చంక కాడ పట్టకుండా కుడతా. టైలరు టేపు 60 అంగుళాలే ఉంటుంది. అది చాలనోళ్ళు కొలతలు ఇయ్యడానికి సిగ్గుపడి పాత జాకెట్టు ఆది పంపిస్తారు. అందుకే నేను రెండు టేపులు కలిపి కుట్టి ఒకటి చేసి పెట్టుకున్నా, పదేండ్ల నుంచి అది నా డ్రాయరులోనే ఉంది, కావాల్సినప్పుడు ఏమీ మాట్లాడకుండా అది తీస్తా.

సైరంధ్రి జాకెట్టుకి నేనే నా డబ్బుతో గుడ్డ తెచ్చి పెట్టినా. ముదురు ఎరుపు, మీటరు. సమితి వాళ్ళు మీటింగు పెట్టుకొని ఒక మాట అనుకున్నాక ఆ అమ్మాయిని కొలతలకి నా షాపుకి పంపండి, ఆదివారం తప్ప పొద్దున పదింటి నుంచి ఉంటా.

ఇట్లు,
మీ టైలరక్క,
కడప